చిటికెన వేలికి చోటెక్కడ? సింగిల్ యాక్షన్ రివాల్వర్‌కు పొడవైన గ్రిప్ ఎంచుకోవడం

కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీని (ప్రతి తూటాకూ హ్యామర్‌ను, అంటే వెనక ఉండే కొట్టే మీటను, బొటనవేలితో లాగాల్సిన పాతకాలపు రివాల్వర్ ఇది) గానీ, దాని నమూనాలో ఇటలీలో ఉబెర్టి చేసే రివాల్వర్లను గానీ మొదటిసారి పట్టుకున్నవాళ్లలో చాలామంది ఒకే మాట అంటారు. మధ్య వేలు, ఉంగరం వేలు చక్కగా కుదురుకుంటాయి, చిటికెన వేలికి మాత్రం సగం చోటే దొరుకుతుంది. అది పిడి అంచు మీద అటూ ఇటూ కాకుండా ఉండిపోతుంది. ఇంటికెళ్లి పొడవైన గ్రిప్‌ల, అంటే పిడుల, కోసం వెతికితే రబ్బరువి, చెక్కవి, కొమ్ముతో చేసినవి, 1860 ఆర్మీ ఫ్రేమ్, బిస్లీ ఫ్రేమ్ అంటూ పేర్లు వరస కడతాయి. వాటి ధరల మధ్య తేడా చూస్తే టెన్షన్ ఇంకాస్త పెరుగుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తేలికపాటి తూటాలు కాల్చేవాళ్లలో చాలామందికి పొడవైన గ్రిప్ అక్కర్లేదు. మాగ్నమ్ అనే భారీ శక్తి ఉన్న తూటాలు కాల్చేవాళ్లకు చెక్క పొడవు పెంచితే సరిపోదు, లోపలి లోహపు ఫ్రేమ్ ఆకారమే మారాలి. పొడవైన చెక్క గ్రిప్‌తో నిజంగా లాభపడేది ఈ ఇద్దరికీ మధ్య ఉన్నవాళ్లు: చెయ్యి పెద్దది, తూటా ఓ మోస్తరుది, తుపాకి రూపం మాత్రం పాతకాలపుదిగానే ఉండాలనుకునేవాళ్లు.

ఇది ఎక్కువగా అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల కోసం రాస్తున్నాను. మన దేశంలో లైసెన్సు మీద మామూలుగా కనిపించే ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్లు డబుల్ యాక్షన్‌వి, అంటే ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ దానంతటదే లేస్తుంది, వాటి పిడి లెక్క వేరు. అమెరికాలో ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. హెచ్1బీ లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి కొనడానికి, దగ్గర ఉంచుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. హంటింగ్ లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, స్నేహితుడి మాట నమ్మి కాకుండా లాయర్‌ని అడిగి తేల్చుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల సంగతి వేరు.

పిడి ఎందుకంత పొట్టి

సింగిల్ యాక్షన్ ఆర్మీ 1873లో వచ్చింది. దాని పిడిని కొత్తగా గీయలేదు, 1851 నేవీ మోడల్ పిడినే దాదాపు అలాగే తెచ్చి పెట్టారు. నేవీ .36 క్యాలిబర్ తుపాకి, తన్ను (పేలినప్పుడు వెనక్కి తగిలే దెబ్బ) తక్కువ. మధ్యలో 1860లో వచ్చిన .44 ఆర్మీ మోడల్‌కు కోల్ట్ వాళ్లే కాస్త పొడవైన పిడి పెట్టారు. అంటే పొడవైన గ్రిప్ కావాలన్న కోరిక ఇప్పటిది కాదు, 1873 కంటే పాతది. అయినా .45 తూటాకు పొట్టి పిడినే ఎంచుకున్నారు.

దానికి ఒక సుగుణం ఉంది. ఆ పిడి వంపు అచ్చం నాగలి మేడిలా ఉంటుంది, అమెరికాలో కూడా దాన్ని మేడి పేరుతోనే పిలుస్తారు. పేలినప్పుడు తుపాకి నేరుగా అరచేతిలోకి గుద్దుకోదు. బ్యారెల్ పైకి లేస్తుంది, పిడి అరచేతిలో జారుతూ తిరుగుతుంది. అలా తిరగడంలోనే తన్ను కొంత ఖర్చైపోతుంది. పైగా తిరిగిన ప్రతిసారీ హ్యామర్ కొన బొటనవేలికి దగ్గరగా వస్తుంది కాబట్టి రెండో తూటాకు హ్యామర్ లాగడం సులువు. గుర్రం మీద కూర్చుని ఒంటిచేత్తో కాల్చే అశ్విక దళానికి ఇది బాగా పనికొచ్చింది.

ఇప్పుడు పిడి పొడవు పెంచామనుకోండి. చిటికెన వేలు కూడా బిగిసి పట్టుకుంటుంది. తుపాకి తిరగడం తగ్గుతుంది. తిరగని తన్ను ఎక్కడికి పోతుంది? బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న మెత్తటి చోటుకు వస్తుంది. తేలిక తూటాలకు ఇది పెద్ద తేడా కాదు. బరువు తూటాలకు వచ్చేసరికి కొందరికి పొడవైన గ్రిప్‌తో గురి బాగా కుదురుతుంది గానీ చెయ్యి త్వరగా నొప్పెడుతుంది. అమ్మేవాళ్లు ఈ రెండో సంగతి చెప్పరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కింద చోటు దొరికింది కదా అని చెయ్యి తెలియకుండానే కిందికి దిగుతుంది. అప్పుడు హ్యామర్ బొటనవేలికి దూరమవుతుంది, బ్యారెల్‌కూ చేతికీ మధ్య ఎత్తు పెరిగి మూతి ఇంకా ఎక్కువగా లేస్తుంది. పొడవైన గ్రిప్ వేసుకున్నా చెయ్యి పైనే ఉండాలి. పొడవు చిటికెన వేలి కోసమే గానీ అరచెయ్యి దిగడానికి కాదు.

డబ్బు పెట్టేముందు

తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, సిలిండర్ గదులన్నీ ఒక్కొక్కటిగా తిప్పి చూసి, అప్పుడు పట్టుకుని చూడండి. చిటికెన వేలిని పిడి అంచు మీద ఇరికించకుండా, మడిచి పిడి అడుగున పెట్టండి. పాతకాలం నుంచి చాలామంది పట్టుకునే పద్ధతే ఇది. అడుగున ఉన్న వేలు చిన్న అరుగులా పనిచేస్తుంది, చెయ్యి పైకి నెట్టుకుని హ్యామర్‌కు దగ్గరవుతుంది. మొదట్లో వింతగా అనిపిస్తుంది, కొన్ని డబ్బాల తూటాలు కాల్చేసరికి అలవాటైపోతుంది. బరువు తూటాలతో మాత్రం ఆ వేలి కణుపు మీద పిడి కొట్టుకుంటుంది. అది మీకు ఇబ్బందైతేనే పొడవైన గ్రిప్ గురించి ఆలోచించండి.

రెండు చేతులతో కాల్చేవాళ్లు ఇంకోటి గమనించాలి. ఎడమ చెయ్యి కుడి చేతి వేళ్ల మీదుగా చుట్టుకుంటుంది, హ్యామర్‌ను ఎడమ బొటనవేలితో లాగుతారు. అలా పట్టుకుంటే కుడి చిటికెన వేలు ఎక్కడుందన్నది పెద్ద సమస్య కాదు, ఎడమ చెయ్యే దాన్ని అదిమి పెడుతుంది. పాతకాలపు తుపాకులతో జరిగే కౌబాయ్ యాక్షన్ పోటీల్లో తేలిక తూటాలతో వేగంగా కాల్చేవాళ్లలో ఎంతోమంది మామూలు పొట్టి పిడితోనే సంతోషంగా ఉండటానికి ఇదొక కారణం.

పొడవు కావాలా, లావు కావాలా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. చాలామంది చిటికెన వేలు నిలవట్లేదని ఫిర్యాదు చేస్తారు గానీ అసలు బాధ మధ్య వేలిది. ట్రిగ్గర్ గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే లోహపు కమ్మీ) వెనక ఉన్న ఖాళీలో మధ్య వేలి కణుపుకు గార్డ్ తగులుతుంది. పేలిన ప్రతిసారీ ఆ ఇనుము అక్కడే గుద్దుతుంది. ఈ నొప్పి ఉన్నవాళ్లు పొడవైన గ్రిప్ వేసుకున్నా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే గాయం పైనుంది, మందు కిందేశారు. ఎక్కడ నొప్పెడుతోందో వేలు పెట్టి చూపించగలిగాకే ఆర్డర్ పెట్టండి.

ఎంత పొడవు కావాలో తెలుసుకోవడానికి అట్టముక్కలు కత్తిరించి, పిడికి రెండు వైపులా ఎలక్ట్రికల్ టేపుతో చుట్టి, అడుగున కాస్త పొడుచుకొచ్చేలా పెట్టండి. పావు అంగుళం, అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు పెరిగేసరికే సగం నిలిచిన వేలు పూర్తిగా నిలుస్తుంది. అర అంగుళం ఎక్కువ మందికి అక్కర్లేదు. అది దాటితే తుపాకి చూడ్డానికి కూడా బాగుండదు, నా కంటికైతే.

పొడవైన చెక్క పలకలు

తుపాకిలో ఏ లోహపు భాగమూ మార్చకుండా, రెండు వైపులా ఉన్న పలకలను తీసేసి, ఫ్రేమ్ కంటే కిందికి పొడుచుకొచ్చే పలకలు బిగించడం అన్నిటికంటే ఎక్కువమంది చేసే పని. పలకలు రెండు విడి ముక్కలైతే ఒకే ఒక్క స్క్రూ విప్పితే పని అయిపోతుంది, నచ్చకపోతే పాతవి మళ్లీ బిగించుకోవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, మొదట దీన్నే ప్రయత్నించమనడానికి.

వీటిలో రెండు రకాలున్నాయి. ఒకదానిలో రెండు పలకలు అడుగున ఒకదానికొకటి ఆనుకుని, లోహపు మడమను, అంటే ఫ్రేమ్ అడుగు భాగాన్ని, పూర్తిగా మూసేస్తాయి. రెండోదానిలో పలకలు కిందికి వస్తాయి గానీ మధ్యలో ఫ్రేమ్ మందం మేర సందు అలాగే ఉంటుంది. రెండోది చవక, చేయడం సులువు. కానీ సరిగ్గా చిటికెన వేలు ఆనే చోటే ఆ సందు అంచులు గుచ్చుకుంటాయి. వేలి కోసం కొన్న గ్రిప్ ఆ వేలినే కోస్తే దాన్ని కొని ఏం లాభం? అడుగు మూసి ఉన్నదే తీసుకోండి. మూసిన రకంతో ఒక చిన్న అసౌకర్యం ఉంది: బ్యాక్‌స్ట్రాప్ (పిడి వెనక అంచున ఉండే లోహపు పట్టీ) అడుగు స్క్రూ కనిపించదు, అది బిగించాలంటే గ్రిప్ విప్పాల్సిందే.

చెక్క గీతలు ఎటు పోతున్నాయో తప్పకుండా చూడాలి. ఫ్రేమ్ కిందికి వచ్చిన ముక్కకు వెనక లోహం అండ ఉండదు. గీతలు పిడి పొడవునా నిలువుగా ఉంటే ఆ ముక్క గట్టిగా నిలుస్తుంది. అడ్డంగా ఉంటే తుపాకి ఒకసారి కింద పడితే చాలు, మూల ఊడిపోతుంది. అందంగా మెలికలు తిరిగిన వాల్‌నట్ బొమ్మ చూసి మనసు పారేసుకునే చోట ఈ సంగతి మరిచిపోతాం. సుడులున్న చెక్క పొట్టి గ్రిప్‌కు బాగుంటుంది, పొడవైన దానికి సాదా గీతల చెక్కే మేలు.

ఫ్రేమ్ అడుగున రెండు పలకలనూ చోటు మారకుండా ఆపే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. పలకల లోపలి వైపు దానికి సరిపడే గాడి ఉందో లేదో చూసుకోవాలి. పొడవు పెరిగేకొద్దీ చివరను మెలితిప్పే బలం కూడా పెరుగుతుంది. పిన్ను సరిగ్గా కూర్చోకపోతే పలక మెల్లగా కదిలి, స్క్రూ రంధ్రం దగ్గర చెక్క చీలుతుంది.

సింగిల్ పీస్ గ్రిప్ అనేది ఇంకో దారి. రెండు పలకలనూ మధ్యలో ఒక చెక్క ముక్క పెట్టి అతికించేస్తారు. పక్కన స్క్రూ కనబడదు. మొదటి రోజుల్లో సైన్యానికి వెళ్లిన కోల్ట్‌లకు ఉన్నది ఇలాంటి సింగిల్ పీస్ వాల్‌నట్ గ్రిప్పే. అందం విషయంలో దీనికి సాటి లేదు, పొడవు పెంచినప్పుడు గట్టితనం కూడా ఎక్కువే. కానీ దీన్ని బిగించాలన్నా తీయాలన్నా బ్యాక్‌స్ట్రాప్ మొత్తం విప్పాలి. తయారైన ముక్క కొని తెచ్చి పెట్టగానే సరిపోతుందనుకోవద్దు. ఫ్యాక్టరీలో ఫ్రేమ్, స్ట్రాప్‌లు, చెక్క కలిపి పాలిష్ చేసేవారు కాబట్టి ఏ రెండు తుపాకులూ అచ్చంగా ఒక్కలా ఉండవు. ఆకురాయి, సాండ్ పేపర్, చాలా ఓపిక కావాలి. లేదా తుపాకి ఫ్రేమ్‌నే గ్రిప్ చేసేవారి దగ్గరికి పంపాలి. రివాల్వర్‌ను కొరియర్‌లో పంపడానికి వేరే నిబంధనలు ఉంటాయి, అవి తెలిసినవాళ్ల ద్వారానే పంపండి.

రబ్బరు గ్రిప్

పాక్‌మేయర్, హోగ్ కంపెనీల రబ్బరు గ్రిప్‌లు అమెరికా కంపెనీ రూగర్ చేసే సింగిల్ యాక్షన్లకు సులువుగా దొరుకుతాయి. అన్నిటికంటే చవకైన వాటిలో ఇవి ఒకటి. ట్రిగ్గర్ గార్డ్ వెనక ఖాళీని పూడుస్తాయి, అడుగున కాస్త పొడవు పెంచుతాయి, చెమట చేత్తో కూడా జారవు. వేటకు వెళ్లి వానలో తడిసే తుపాకికి ఇది తెలివైన ఎంపిక.

నాకు నచ్చదు. కారణం చూపు ఒక్కటే కాదు. మేడి ఆకారపు పిడి బాగా పనిచేయాలంటే అరచేతిలో జారాలి అని పైన చెప్పుకున్నాం. రబ్బరు చర్మాన్ని పట్టుకుంటుంది. జారని పిడి చర్మాన్ని తనతో పాటు లాక్కెళుతుంది. తేలిక తూటాకు తేడా తెలియదు. కానీ తేలిక తూటాకు రబ్బరు అవసరమూ లేదు. బరువు తూటాకు రబ్బరు మెత్తదనం కొంత సాయపడుతుంది, అతుక్కునే గుణం కొంత ఇబ్బంది పెడుతుంది. చాలామంది మెత్తదనానికే ఓటేస్తారు, వాళ్లది తప్పనలేను. కౌబాయ్ పోటీలకు వెళ్లే ఉద్దేశం ఉంటే మాత్రం కొనేముందు ఆ పోటీల తాజా నిబంధనల్లో గ్రిప్ గురించి ఏం రాశారో చదవండి.

1860 ఆర్మీ ఫ్రేమ్: పాత రూపం, నిజమైన పొడవు

కోల్ట్ నమూనా తుపాకుల్లో గ్రిప్ ఫ్రేమ్ రెండు ముక్కలుగా ఉంటుంది. వెనకవైపు బ్యాక్‌స్ట్రాప్, ముందు ట్రిగ్గర్ గార్డ్‌తో కలిసిన స్ట్రాప్. రెండూ కలిపి ఆరు స్క్రూలతో బిగించి ఉంటాయి. వీటి బదులు 1860 ఆర్మీ మోడల్ స్ట్రాప్‌లు వేయించుకునే పద్ధతి ఒకటుంది. పొడవు పెరిగేది అర అంగుళం లోపే. కానీ ఆ పొడవంతా లోహం మీదే నిలబడుతుంది, చెక్క గాల్లో వేలాడదు. చూసేవాళ్లకు తుపాకి మార్చినట్టు కూడా తెలియదు, 19వ శతాబ్దపు రేఖలే కాబట్టి.

ఉబెర్టి తుపాకి ఉంటే, ఉబెర్టి 1860 స్ట్రాప్‌లే వెతకండి. ఒకే కంపెనీ భాగాలైనా తెచ్చి బిగించగానే అతుకులు కనపడకుండా కూర్చుంటాయని ఆశపడొద్దు. ఫ్రేమ్‌కూ స్ట్రాప్‌కూ మధ్య మెట్టు లేకుండా అరగదీయడం, మళ్లీ బ్లూయింగ్ (ఉక్కుకు వేసే నీలి-నలుపు పూత) చేయించడం, పొడవుకు తగ్గ మెయిన్‌స్ప్రింగ్ (హ్యామర్‌ను నడిపే స్ప్రింగ్) చూసుకోవడం, కొత్త చెక్క చెక్కించడం లాంటి పనులుంటాయి. ఇది గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) చేయాల్సిన పని. కొత్తగా కొనేవాళ్లకైతే ఇంకో సులువైన దారి ఉంది: 1871-72 ఓపెన్ టాప్ (సిలిండర్ పైన ఫ్రేమ్ పట్టీ లేని పాత మోడల్) నమూనాల్లో ఆర్మీ పిడితో వచ్చేవి ఉన్నాయి. తేలిక తూటాలే కాల్చేదుంటే, తర్వాత మార్పులు చేయించే ఖర్చు కంటే అలాంటిది కొనడమే నయం.

పెద్ద చెయ్యి ఉండి, అసలైన .45 కోల్ట్ స్థాయి తూటాలు కాల్చేవాళ్లకు అన్నిటిలోకీ నాకు నచ్చేది ఇదే. ఆ తూటాలో 250 గ్రెయిన్ల (దాదాపు 16 గ్రాముల) బుల్లెట్ సెకనుకు 750 నుంచి 850 అడుగుల వేగంతో వెళుతుంది. కిలోకు పైగా బరువున్న తుపాకిలో అది తోసినట్టు ఉంటుందే గానీ కొట్టినట్టు ఉండదు. దానికి ఆర్మీ పిడి చక్కగా సరిపోతుంది.

బిస్లీ, డ్రాగూన్: బరువు తూటాల లోకం

.44 మాగ్నమ్‌కు వచ్చేసరికి కథ మారిపోతుంది. 240 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1,300 అడుగులు దాటుతుంది. ఒకే బరువున్న తుపాకిలో ఇది వెనక్కి తన్నే శక్తి పైన చెప్పిన తూటాకు రెండింతలకు మించి ఉంటుంది. ఇక్కడ చెక్క పొడవు పెంచడం కంటితుడుపు పని.

రూగర్ 1955లో బ్లాక్‌హాక్ తెచ్చింది, 1959లో .44 మాగ్నమ్ కోసం సూపర్ బ్లాక్‌హాక్ తెచ్చింది. రెండోదానికి డ్రాగూన్ అనే పాత భారీ కోల్ట్ రివాల్వర్ తరహాలో పొడవైన ఉక్కు గ్రిప్ ఫ్రేమ్, వెనకవైపు చదరంగా ఉన్న ట్రిగ్గర్ గార్డ్ పెట్టారు. చిటికెన వేలికి కావలసినంత చోటుంది. కానీ ఆ చదరపు గార్డ్ మధ్య వేలి కణుపును గుద్దడంలో పేరుమోసింది. పొడవు ఒక్కటే మందు కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. గుండ్రటి గార్డ్ ఉన్న సూపర్ బ్లాక్‌హాక్‌లు కూడా ఉన్నాయి, వీలైతే అలాంటిది చూసుకోండి.

బిస్లీ సంగతి ఆసక్తికరంగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో బిస్లీ అనే ఊళ్లో 1890 నుంచి అక్కడి నేషనల్ రైఫిల్ అసోసియేషన్ పోటీలు జరుగుతున్నాయి. ఆ పోటీల్లో గురి చూసి కాల్చేవారి కోసం కోల్ట్ 1894లో బిస్లీ మోడల్ తెచ్చింది. పిడి వెనకభాగం పైకి జరిగి, బాగా నిలువుగా, కింద వంపు తిరిగి ఉంటుంది. హ్యామర్ కొన కిందికి దిగి ఉంటుంది. తర్వాత 1920ల్లో తుపాకుల గురించి రాసే ఎల్మర్ కీత్ ఈ బిస్లీ బ్యాక్‌స్ట్రాప్‌నూ మామూలు సింగిల్ యాక్షన్ ట్రిగ్గర్ గార్డ్‌నూ కలిపి ఒక పిడి చేయించుకున్నారు. ఆయన నంబర్ 5 తుపాకి పిడి అదే. దాన్ని అనుకరించే ఫ్రేమ్‌లను కస్టమ్ తయారీదారులు ఆ తర్వాత కూడా చేశారు. 1980ల మధ్యలో రూగర్ తన బిస్లీ తెచ్చింది. పేరు కోల్ట్‌దే అయినా పిడి వేరు: పొడవైనది, నిలువైనది, మధ్య వేలికి గార్డ్ వెనక చోటున్నది.

రూగర్ బిస్లీ పిడి చేతిలో తిరగదు. పేలితే నేరుగా వెనక్కి వస్తుంది, వెడల్పైన వెనకభాగం అరచెయ్యంతా పరుచుకుని తోస్తుంది. మేడి పిడి అలవాటైనవాళ్లు మొదట్లో ఇదేదో మొండి పిడి అనుకుంటారు. పది తేలిక తూటాలు కాల్చి తీర్పు చెప్పకండి, దాని అసలు ఉపయోగం భారీ తూటాలతోనే తెలుస్తుంది. .44 మాగ్నమ్, .45 కోల్ట్‌లో రూగర్లకు మాత్రమే తగ్గ బరువు లోడ్‌లు, అంతకు పైవి కాల్చేవాళ్లు ముందు దీన్నే చూడాలి.

అయితే అందరి చేతికీ ఇది కుదరదు. అరచెయ్యి చిన్నదైతే ఆ నిలువు పిడితో ట్రిగ్గర్ అందుకోవడానికి చూపుడు వేలు సాగాలి. మనవాళ్లలో చాలామందికి చెయ్యి మధ్యస్థంగా ఉంటుంది కాబట్టి బిస్లీ కొనేముందు తప్పకుండా ఎక్కడైనా పట్టుకుని చూడాలి. రేంజ్‌లో అద్దెకు దొరికితే ఇంకా మంచిది.

ఉన్న బ్లాక్‌హాక్‌కు బిస్లీ ఫ్రేమ్ వేయించాలంటే హ్యామర్ కూడా బిస్లీదే వేయాలి. పైకి జరిగిన బ్యాక్‌స్ట్రాప్‌కు పాత హ్యామర్ కుదరదు. డ్రాగూన్ ఫ్రేమ్ వేయించేవాళ్లు హ్యామర్ స్ట్రట్ (హ్యామర్‌ను స్ప్రింగ్‌తో కలిపే కడ్డీ), స్ప్రింగ్ పొడవులు సరిపోతాయో లేదో ముందు కనుక్కోవాలి. రూగర్ గ్రిప్ ఫ్రేమ్ ఒకే ముక్క కాబట్టి కోల్ట్‌లాగా సగం మార్చడం కుదరదు. మామూలు బ్లాక్‌హాక్‌కు అల్యూమినియం ఫ్రేమ్ ఉంటుంది, దాని బదులు ఉక్కు ఫ్రేమ్ వేస్తే పొడవుతో పాటు బరువు కూడా పెరిగి తన్ను తగ్గుతుంది. ఇది అనుకోకుండా కలిసొచ్చే లాభం. ఈ ఖర్చులన్నీ కూడితే, పాత తుపాకి అమ్మేసి కొత్త బిస్లీ కొనడం చాలా సందర్భాల్లో చవక.

ఏ పదార్థం

ఎక్కువసేపు ఆలోచించాల్సిన పని లేదు. పొడవైన గ్రిప్‌కు మైకార్టా (గుడ్డ లేదా కాగితం పొరలను రెసిన్‌తో అతికించి చేసేది) అన్నిటికంటే గట్టిది, తడికి ఉబ్బదు, పడినా సులువుగా విరగదు. వాల్‌నట్ తర్వాతి స్థానం. రోజ్‌వుడ్ బరువుగా, నున్నగా బాగుంటుంది. ముత్యపు చిప్ప పలకలు పెళుసు, కిందికి పొడుచుకొచ్చే ఆకారానికి పనికిరావు. ఏనుగు దంతం జోలికి వెళ్లొద్దు. 2016 నుంచి అమెరికాలో ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారం దాదాపు మూతపడింది, కొన్ని రాష్ట్రాల్లో మామత్ దంతానికి కూడా ఆంక్షలున్నాయి. దంతంలా కనిపించే పాలిమర్లు చక్కగా ఉంటాయి.

గీతలు చెక్కిన, అంటే చెకరింగ్ ఉన్న గ్రిప్‌లు చూడ్డానికి హుందాగా ఉంటాయి గానీ బరువు తూటాలతో అవి అరచేతిని గీరేస్తాయి. మేడి పిడికి నున్నటి చెక్కే సరి.

కొమ్ము గ్రిప్‌ల గురించి మనం ప్రత్యేకంగా తెలుసుకోవాలి. అమెరికాలో అందరూ గొప్పగా చెప్పుకునే స్టాగ్ గ్రిప్‌లలో మేలురకం సాంబర్ జింకది. మన నల్లమలలో తిరిగే కణుజు అదే. ఒకప్పుడు రాలిన కొమ్ములు భారతదేశం నుంచే ఎగుమతయ్యేవి. 1990ల చివర్లో ఆ వ్యాపారం ఆగిపోయింది. అందుకే పాత నిల్వల ధర అంత ఎక్కువ. కొమ్ము పై బెరడు సహజంగా వంపుగా, పరిమితమైన మందంతో ఉంటుంది కాబట్టి పొడవైన గ్రిప్‌కు సరిపడే జత దొరకడం మామూలు సైజు కంటే కష్టం. రెండు పలకలూ రంగులో, గరుకులో కలవాలంటే ఇంకా కష్టం. కొన్నవాళ్లు దాన్ని సెలవుల్లో ఇంటికి తెచ్చి చుట్టాలకు చూపించాలనుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద కణుజు కొమ్ము వస్తువుతో విమానాశ్రయంలో దొరికితే, అది అమెరికాలో కొన్నదని చెప్పినా చిక్కులు తప్పవు.

బిగించేటప్పుడు

స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే హాలో గ్రౌండ్ బిట్ (గాడి నిండేలా అరగదీసిన కొన) ఉన్న స్క్రూడ్రైవరే వాడండి. ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవర్ జారి ఫ్రేమ్ మీద గీత పెడితే ఆ గీత ఎప్పటికీ ఉంటుంది. గ్రిప్ స్క్రూను చెక్క నొక్కుకునేదాకా బిగించొద్దు, కదలకుండా ఉంటే చాలు. రూగర్ ఫ్రేమ్ విప్పేవాళ్లు ముందు హ్యామర్ వెనక్కి లాగి, స్ట్రట్‌లో ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను దూర్చి స్ప్రింగ్‌ను ఆపాలి. కోల్ట్ రకంలో బల్లపరుపు స్ప్రింగ్ ఉంటుంది, దాని స్క్రూ వదులు చేశాకే స్ట్రాప్ కదిలించాలి. కొత్త గ్రిప్ వేశాక హోల్‌స్టర్‌లో పెట్టి కుర్చీలో కూర్చుని చూడండి, పొడవైన మడమ పక్కటెముకలకు తగులుతోందేమో తెలుస్తుంది.

మీ చేతిలో ఉన్నది 1940 దాకా తయారైన మొదటి తరం కోల్ట్ అయితే పైన చెప్పిన వాటిలో ఏదీ చేయించొద్దు. స్ట్రాప్‌లు అరగదీయడం అసలే వద్దు. తొలినాటి సింగిల్ పీస్ గ్రిప్‌ల లోపలి గాడిలో తుపాకి సీరియల్ నంబరు చేత్తో రాసి ఉండేది. ఆ అక్షరాలున్న చెక్క ముక్క విలువ తుపాకి విలువలో భాగం. దానికి సాండ్ పేపర్ తగిలిస్తే డబ్బు రాలిపోతున్నట్టే. అంతగా కాల్చాలనుంటే దాని కోసం ఒక ఉబెర్టి విడిగా కొనుక్కోండి, పొడవైన గ్రిప్ దానికి వేసుకోండి.